గౌరవవాచకం పోగొట్టుకున్న సైన్యం

రంగూను మాట వినని ఇల్లు ఒకప్పుడు మన కోస్తా జిల్లాలలో అరుదు. రేవులో మూటలు మోయడానికీ, బియ్యపు మిల్లులలో కూలికీ మనవాళ్లు ఓడలెక్కి బర్మా వెళ్లేవారు. అయినా ఆ దేశపు సైన్యాన్ని గురించి మనకు తెలిసింది తక్కువ. తెలుగు పాఠాలు చెప్పుకొనేవాణ్ణి గనక, దాని పేరుతోనే మొదలుపెడతాను.

బర్మావారు తమ సైన్యాన్ని ‘తత్మదో’ అంటారు. ‘తత్’ అంటే సేన. చివరి ‘దో’ రాజుకు చెందినవాటికి చేర్చే గౌరవవాచకం. మన భాషలో ‘శ్రీవారి సేన’ అన్నమాట. రాచరికం 1885లోనే పోయింది. మరి యీ శ్రీవారెవరు?

ఆ గౌరవం ఊరికే రాలేదు. ముప్ఫైమంది యువకులు రహస్యంగా దేశం దాటి, 1941లో హైనాన్ ద్వీపంలో జపానువారి దగ్గర యుద్ధవిద్య నేర్చారు. ఆ యేడాది చివర బాంకాకులో తమ చేతులకు గాటు పెట్టుకొని, నెత్తురు ఒక పాత్రలో పట్టి, పంచుకు తాగి ప్రమాణం చేశారు. కొత్త పేర్లూ పెట్టుకొన్నారు. నాయకుడు ఆంగ్ సాన్ ‘బో తేజ’ అయినాడు. మన తేజస్సే పాళీభాష వెంట అక్కడికి చేరింది! పూర్వం తపాలా గుమాస్తాగా పనిచేసిన మరొకాయన ‘బో నెవిన్’ అయినాడు. వెలిగే సూర్యుడని అర్థం.

జపాను ఇచ్చిన స్వాతంత్ర్యం బూటకమని తేలాక, 1945 మార్చి 27న యీ సేనే జపాను మీద తిరగబడ్డది. ఆ తరువాత ఆంగ్ సాన్ చేసిన పని గమనించదగ్గది. సైన్యంలో పెద్ద ఉద్యోగమిస్తామని ఆంగ్లేయులు అన్నా కాదని, రాజకీయాలకోసం ఖాకీ దుస్తులు విప్పేశాడు. రెండూ ఒక ఒంటిమీద ఇమడవని ఆయన ఎరుగును. 1947 జూలై 19న హంతకులు ఆయనను కాల్చి చంపారు. 1948 జనవరి 4న వచ్చిన స్వాతంత్ర్యాన్ని ఆయన చూడలేదు.

కొద్దినెలలకే కమ్యూనిస్టులూ, మరుసటి యేడు కరెన్ జాతివారూ ఆయుధాలు పట్టారు. దేశం ముక్కలు కాకుండా సైన్యమే కాచింది. కాచినకొద్దీ, దేశం తమదేనన్న భావం అధికారులలో పాతుకుపోయింది. 1958లో ప్రధాని ఊ నూ పిలిచి అధికారం ఇస్తే, నెవిన్ 1960లో ఎన్నికలు జరిపించి తిరిగి ఇచ్చాడు. 1962 మార్చి 2న మాత్రం ఎవరూ పిలవకుండానే తీసుకొన్నాడు. ఆ జూలైలో రంగూను విశ్వవిద్యాలయ విద్యార్థులమీద కాల్పులు జరిపి, మర్నాడు విద్యార్థి సంఘ భవనాన్ని పేల్చివేశారు. ఆంగ్ సాన్ విద్యార్థి నాయకుడిగా వెలిగింది ఆ సంఘంలోనే! 1964లో దుకాణాలు జాతీయమైనాక, మనవాళ్లు వేలకువేలు కట్టుబట్టలతో తిరిగివచ్చారు.

కంచె చేను మేయడం అక్కడితో ఆగలేదు. 1988లో జనం వీధులకెక్కితే తుపాకులే జవాబు చెప్పాయి. 1990 ఎన్నికలలో ఆంగ్ సాన్ కూతురు సూచీ పార్టీ గెలిస్తే అధికారం ఇవ్వలేదు. 2008 రాజ్యాంగం దిగువసభలో 440కి 110 స్థానాలు, ఎగువసభలో 224కి 56 సైనికులకే కేటాయించింది. ముఖ్యమైన మార్పులకు నూటికి 75కు మించి ఓట్లు కావాలి. అనగా సైన్యం తల ఊపనిదే అక్షరం కదలదు! రక్షణ, హోం, సరిహద్దు శాఖల మంత్రులను ఎంచేదీ సేనాధిపతే. హోంశాఖ కింద ఉన్న పోలీసులూ ఆయన గుప్పిటిలోనివారే. 2020లో సూచీ పార్టీ మళ్లీ ఘనంగా గెలిచింది. 2021 ఫిబ్రవరి 1 తెల్లవారుజామున ఆమెను నిర్బంధించి సైన్యం మళ్లీ గద్దెనెక్కింది. 2024లో నిర్బంధ సైనిక సేవ అమలులో పెట్టింది. ఎగబడి చేరే కుర్రవాళ్లుంటే బలవంతపు చట్టంతో పనేమి?

2021 తరువాత అక్కడి జనంలో చాలామంది ‘తత్మదో’ అనడం మానుకొన్నారు. ‘సిట్-తత్’ అంటున్నారు. ఉట్టి ‘యుద్ధసేన’ అని అర్థం. ‘శ్రీవారు’ ఎగిరిపోయింది. ఫిరంగులతో ఊళ్లు పట్టుకోవచ్చు. ఆ చివరి అక్షరాన్ని మాత్రం జనం తమంత తాము పలకవలసిందే.