ఫంక్షన్ అయిపోయినా లెక్క పోకూడదంటే? జావాస్క్రిప్ట్ క్లోజర్

పోయిన ఎపిసోడ్‌లో ఫంక్షన్లు చూశాం కదా. ఇవాళ అందులోనే చాలామంది తడబడే చోటు చూద్దాం.

మన మాచర్ల, గురజాల వైపు రైతులు మిర్చిని టిక్కీలు కట్టి గుంటూరు యార్డుకి లారీల్లో పంపుతారు. ఒక్కో లారీలో ఇద్దరు ముగ్గురి సరుకు ఉంటుంది. ఒక్క టిక్కీ లెక్క తప్పినా సుమారు 40 కేజీల మిర్చి డబ్బులు. అందుకని మీ నాన్నకి ఫోన్‌లో ఒక చిన్న పేజీ చేసిచ్చారనుకోండి. బటన్ నొక్కితే ఒక టిక్కీ పెరగాలి.

ఫంక్షన్ లోపల లెట్ కౌంట్ ఈక్వల్ టు జీరో అని రాశారు. కింద కౌంట్ ప్లస్ ప్లస్, తర్వాత రిటర్న్ కౌంట్. పదిసార్లు నొక్కండి, పదిసార్లూ 1 అనే వస్తుంది! ఎందుకంటే ఫంక్షన్‌ని పిలిచిన ప్రతిసారీ కౌంట్ కొత్తగా పుడుతుంది, పని అవ్వగానే పోతుంది. పలక మీద రాసి వెంటనే తుడిచేసినట్టు.

బీటెక్ ఫస్ట్ ఇయర్ వాళ్లు "స్టాటిక్ పెడితే సరిపోద్ది కదన్నా" అంటారు. సి లో కరెక్టే. జావాస్క్రిప్ట్‌లో ఫంక్షన్ లోపలి వేరియబుల్‌కి స్టాటిక్ లేదు. ఆ మాట క్లాసుల్లో ఉంది గానీ దాని పని వేరు.

సరే, కౌంట్‌ని ఫంక్షన్ బయట పెడదాం. 1, 2, 3 అని వస్తుంది. ఒక్క రైతే అయితే నేనైనా ఇలాగే వదిలేస్తా, నిజం చెప్పాలంటే. కానీ ఇద్దరు రైతులకి రెండు బటన్లు పెట్టి, రెండింటికీ అదే ఫంక్షన్ ఇస్తే? ఇద్దరి టిక్కీలూ ఒకే లెక్కలో పడతాయి. డబ్బులు పంచుకునేటప్పుడు చూడాలి గొడవ.

క్లోజర్ పనికొచ్చేది ఇక్కడే. బయటి ఫంక్షన్ ఒకటి రాయండి. దాని లోపల కౌంట్ జీరో పెట్టండి. అక్కడే ఇంకో చిన్న ఫంక్షన్ రాసి, దాన్నే రిటర్న్ చేయండి. కౌంట్‌ని పెంచి మనకిచ్చేది ఈ చిన్నది. బయటిది నడిచి అయిపోయింది కాబట్టి కౌంట్ కూడా పోవాలి కదా? పోదు. లోపలి ఫంక్షన్‌కి అది ఇంకా కావాలి, అందుకే మెమరీలోంచి తీసేయరు. బయటిదాన్ని ఇద్దరు రైతుల కోసం రెండుసార్లు పిలవండి. ఇద్దరికీ ఎవరి కౌంట్ వాళ్లకే. వేరే కోడ్ దాన్ని ముట్టుకోలేదు కూడా.

ఒక్క జాగ్రత్త. బటన్ నొక్కినప్పుడల్లా బయటిదాన్నే పిలిచారంటే మళ్లీ 1 దగ్గరే ఉంటారు. దాన్ని మొదట్లో ఒక్కసారే పిలవాలి, బటన్‌కి ఇవ్వాల్సింది లోపలిదాన్ని.

ఈ ఐడియా జావాస్క్రిప్ట్‌ది కాదు లెండి. జావాస్క్రిప్ట్ వచ్చింది 1995లో, క్లోజర్ అనే పేరు పీటర్ లాండిన్ 1964లోనే పెట్టాడు.

ఇంకోటి. పేజీ రీఫ్రెష్ అయితే క్లోజర్ కూడా పోతుంది. అప్పుడు లోకల్ స్టోరేజ్‌లో దాచుకోవాలి. అది ఏదిచ్చినా స్ట్రింగ్‌గానే దాస్తుంది. 5 దాచి, తీసి, ప్లస్ 1 అంటే 6 రాదు, 51 వస్తుంది. లేని 45 టిక్కీలు లెక్కలో చేరిపోతాయి! తీయగానే నంబర్‌గా మార్చి, ఆ తర్వాతే కలపండి.

లోడింగ్‌కి ముందు ఐదుసార్లు నొక్కి, రీఫ్రెష్ చేసి, ఇంకోసారి నొక్కండి. 6 వస్తేనే ఫోన్ నాన్న చేతికివ్వండి.