సముద్రపు బాతులును, మన చెరువుల బాతులును

బాతులన్నియు నొక్కటే యని మనము సామాన్యముగా తలంతుము. కాని వానిలో సముద్రమునే ఇల్లుగా చేసికొన్నవి కొన్ని, చెరువులను నమ్ముకొని బ్రదుకునవి కొన్ని కలవు. ఈ రెండు తెగల జీవనమును పోల్చి చూచినచో, మన ఊరి చెరువు అంచున నిలుచు లోతులేని నీటి విలువ మనకు తెలియగలదు.

సముద్రపు బాతులు ఉత్తరపు చలిదేశములవి. ఈడర్, స్కోటర్, పొడవుతోక బాతు అనునవి వీనిలో ముఖ్యములు. వేసవిలో తీరములందును, మంచు కరిగిన మైదానముల కుంటల చెంతను గ్రుడ్లు పెట్టి, చలికాలమును ఎక్కువగా సముద్రముపై గడపును. ఉప్పునీట నివి ఎట్లు బ్రదుకునని పిల్లలడుగుదురు. వీని కన్నులకు పైభాగమున నుండు గ్రంథులు రక్తములోని అధికమైన ఉప్పును తీసి ముక్కురంధ్రముల గుండ వెలికి పంపును. ఇవి మేతకై నీట మునుగును. పొడవుతోక బాతు అరువది మీటర్ల లోతు వరకు పోగలదు. ఈడర్ బాతు ఆలిచిప్పలను పెంకుతోనే మ్రింగి కందనకాయలో పిండి చేసికొనును. తల్లి తన రొమ్మునందలి మెత్తని ఈకలను గూటిలో పరచును. ఐస్లాండు రైతులు ఆ ఈకలను పోగుచేసి అమ్ముకొందురు. అందుకు ప్రతిగా గూళ్ళను నక్కల బారినుండి కాపాడుదురు.

ఈ బాతులు మన చెరువులకు రావు. చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి ప్రాంతములలో ఏడాది పొడవున పారు నదియైనను లేదు. పూర్వులు కట్టించిన చెరువులే మనకును, పక్షులకును ఆధారము. చలికాలమున సూదివంటి తోక గల బాతు, గరిటెవంటి ముక్కు గల బాతు, కనుబొమపై తెల్లని చార గల చిన్న బాతు ఉత్తర దేశములనుండి దక్షిణమునకు వచ్చును. సలీం అలీ గారి నాయకత్వమున బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారు 1959 మొదలుకొని పక్షుల కాళ్ళకు ఉంగరములు తొడిగి విడిచిరి. భరతపురమున అట్లు విడిచిన బాతులలో కొన్ని సైబీరియాలో దొరకినవి. వాని ప్రయాణ మెంత దూరమో దీనివలన స్పష్టమైనది.

ఈ మూడు జాతులును మేతకై సాధారణముగా మునుగవు. తల నీటిలోనికి వంచి, తోక పైకెత్తి, మెడ అందినంత మేర గడ్డివిత్తులను, పురుగులను వెదకును. గరిటెముక్కు బాతు నీటిని జల్లెడపట్టినట్లు వడగట్టి తినును. కావున నీరు మూరెడు లోతు మించినచో అడుగునందలి మేత వీనికి అందదు.

ఇచ్చటనే మనము జాగ్రత్త వహింపవలెను. చెరువు పూడిక తీయుట మంచి పనియే. కాని అంచులను నిలువుగా త్రవ్వి చెరువును గుంటగా మార్చినను, ఎగువ అంచును ఆక్రమించి దున్నినను బాతులకు మేత నేల పోవును. కట్ట, తూము, మరవ బాగున్నవా యని చూచుకొను మనము ఏటవాలు అంచును కూడ చూచుకొనవలెను. ఇటీవల బెంగళూరు మురుగునీటిని శుద్ధిచేసి, హెబ్బాళ–నాగవార పథకము ద్వారా మన జిల్లాలోని కొన్ని చెరువులకు పంపుచున్నారు. ఎండిన చెరువున నీరు నిలుచుట సంతోషమే; అయినను నీరు నిండిన మాత్రమున చాలదు, అది శుభ్రముగా నుండవలెను. సముద్రపు బాతులు చేపల వలలలో చిక్కి ఊపిరాడక చచ్చుచున్నవి. చెరువులో విడిచిపెట్టిన చినిగిన వలయు అంతటి అపాయకరమే.

అడవి బాతులను వేటాడుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి నేరము. అయితే చట్టముకంటె ఇంటిలో నేర్పిన బుద్ధి బలమైనది. కావున తల్లిదండ్రులకు మా మనవి యిది: మార్గశిర పుష్య మాసములలో ఒక ఉదయము పిల్లలను చెరువుకట్టకు తీసికొని పొండు. రాయి విసరక, కేక వేయక, ఎన్ని విధముల బాతులున్నవో లెక్కింపనిండు. తెలుగున మనము బాతు అనుదుము, కన్నడమున బాతుకోళి అందురు. రెండు పేర్లను పుస్తకమున వ్రాయించుడు. వేల మైళ్ళు దాటి వచ్చు అతిథికి మూరెడు నీరు మిగుల్చుట మన చేతిలోని పని.