ఏ సెక్షన్‌లో ఏముందో ఫోన్‌లోనే చూసుకోవచ్చు.. ఇలా!

పట్టిసీమలో మా మామూకి ఎకరంన్నర పొలం ఉంది. అందులో కొంత ముక్క కాలువ పని కింద పోయింది. 2015లో ఎత్తిపోతల పథకం వచ్చినప్పటి నుంచి ఇక్కడి ఊళ్లకి సర్వేలు, నోటీసులు, పరిహారం మాటలు కొత్త కాదు. కట్టిన రేటు తక్కువని ఇంట్లో అందరిదీ ఒకే మాట. మరి ఎక్కడ అడగాలి? ఎప్పటిలోగా అడగాలి? ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఒకరు "ఆరు నెలల టైముంది, కంగారు పడకండి" అని పెట్టారు. మా తమ్ముడు ఫోన్‌లో ఏఐని అడిగితే "సెక్షన్ 18 కింద అర్జీ పెట్టుకోండి" అంది.

మామూ ఆ రెండూ నమ్మి ఊరుకున్నారు. నేను పండక్కి వెళ్లేసరికి అవార్డు ప్రకటించి నాలుగు వారాలైంది.

ఇక్కడే ఇండియా కోడ్ పనికొచ్చింది. కేంద్ర న్యాయశాఖ నడిపే ఉచిత వెబ్‌సైట్ ఇది. పార్లమెంటు చేసిన చట్టాలు, రాష్ట్రాల చట్టాలు ఇందులో సెక్షన్ల వారీగా ఉంటాయి. లాగిన్ అక్కర్లేదు. వెతికే పెట్టెలో చట్టం పేరో, నంబరో, సంవత్సరమో కొట్టి ఆ చట్టం తెరిస్తే సెక్షన్ల జాబితా వస్తుంది. కావాల్సిన సెక్షన్ మీద నొక్కితే దాని పాఠం కనిపిస్తుంది. ఎప్పుడు ఏ సవరణ జరిగిందో కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. వాటిని వదిలేయకండి, అసలు సంగతి చాలాసార్లు అక్కడే ఉంటుంది.

మేము 2013 భూసేకరణ చట్టం తెరిచాం. అందులో సెక్షన్ 18 పునరావాస పథకాన్ని బహిరంగపరచడం గురించి. రేటు గొడవకీ దానికీ సంబంధం లేదు. మరి ఏఐ ఎక్కడి నుంచి తెచ్చింది? 1894 నాటి పాత చట్టంలో రేటు మీద అభ్యంతరం చెప్పే సెక్షన్ 18వదే. ఆ చట్టం 2014 జనవరి 1 నుంచి లేదు. చచ్చిపోయిన చట్టం నంబరు మా వాళ్ల చేతిలో పెట్టిందన్నమాట. ఇప్పుడు ఉన్నది సెక్షన్ 64. అవార్డు ఒప్పుకోని వాళ్లు కలెక్టర్‌కి రాతపూర్వకంగా అర్జీ ఇస్తే, ఆయన 30 రోజుల్లో దాన్ని అథారిటీకి పంపాలి.

గడువు విషయం ఇంకా తిరకాసు. అవార్డు ఇచ్చేటప్పుడు మనిషి స్వయంగా గానీ, అతని తరఫున ఎవరైనా గానీ అక్కడ ఉంటే ఆరు వారాలే. లేకపోతే కలెక్టర్ నోటీసు అందిన ఆరు వారాలు, లేదా అవార్డు తేదీ నుంచి ఆరు నెలలు, ఈ రెంటిలో ఏది ముందు ముగిస్తే అది. వాట్సాప్‌లో పెట్టినాయన ఆ "ఆరు నెలలు" ఒక్కటీ పట్టుకున్నాడు. మామూ ఆ రోజు ఆఫీసులోనే ఉన్నారు, సంతకం కూడా పెట్టారు. అంటే మిగిలింది రెండు వారాలు.

గడువు దాటినా తగిన కారణం చూపిస్తే ఇంకో ఏడాది లోపు కలెక్టర్ తీసుకోవచ్చని అదే సెక్షన్‌లో ఉంది. కానీ ఇంగ్లీషులో అక్కడ 'మే' అని రాశారు, 'షల్' అని కాదు. తీసుకోవచ్చు అంతే, తీసుకుని తీరాలని లేదు. ఫోన్‌లో తెలుగు అనువాదం కొడితే ఈ తేడా పోతుంది. ఇంట్లో ఇంగ్లీషు బాగా వచ్చిన పిల్లలుంటే పక్కన కూర్చోబెట్టుకుని అసలు పాఠమే చదివించుకోండి.

నేను బీకాం వాణ్ణి కాబట్టి లెక్క కూడా చూశాను. సెక్షన్ 30 ప్రకారం లెక్కగట్టిన మొత్తం పరిహారం మీద నూటికి నూరు సొలేషియం వస్తుంది. అంటే ఆ లెక్కలో లక్ష తగ్గితే చేతికి రెండు లక్షలు తగ్గినట్టే. అందుకే ఆ రెండు వారాల కోసం అంత హైరానా పడ్డాం.

ఇలాంటి పని దక్షిణ కొరియాలో ఇంకా తేలిక. అక్కడి ప్రభుత్వ చట్ట సమాచార కేంద్రం వెబ్‌సైట్‌లో చట్టాలన్నీ ఉంటాయి. వేరే సాఫ్ట్‌వేర్లు కూడా నేరుగా అందులోంచి పాఠం తీసుకునే సౌకర్యం ఇచ్చారు. సివిల్ కోడ్ 750 కావాలని అడిగితే, కావాలనో అజాగ్రత్తతోనో ఇతరులకు నష్టం చేసినవాడు పరిహారం ఇవ్వాలనే ఆ ఒక్క ఆర్టికల్ వచ్చేస్తుంది. ఏఐ తన జ్ఞాపకం మీద చెప్పడం వేరు, సర్కారు పాఠం తెచ్చి చూపించడం వేరు. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లు ఏఐ పుట్టించిన లేని తీర్పులు కోర్టులో పెట్టి 5,000 డాలర్ల జరిమానా కట్టుకున్నారు. లాయర్లే అలా పడితే మన సంగతేంటి?

క్రిమినల్ చట్టాల్లో గందరగోళం మరీ ఎక్కువ. 2024 జూలై 1 నుంచి పాత నంబర్లు మారాయి. మోసం కేసు 420 ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 318. అత్తింటి వేధింపుల 498ఏ ఇప్పుడు 85. భరణం అడిగే పాత 125 ఇప్పుడు నాగరిక సురక్షా సంహితలో 144. విడాకులైన ముస్లిం మహిళ కూడా 125 కింద భరణం అడగొచ్చని 2024 జూలై 10న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది, అది తెలంగాణ నుంచి వెళ్లిన కేసే. ఇప్పుడు కొత్తగా వెళ్లే చెల్లెళ్లు 144 చూసుకోవాలి. పాత నంబరుకి కొత్త నంబరు చూపించడానికి ఎన్‌సీఆర్‌బీ 'సంకలన్' అనే యాప్ తెచ్చింది. నెట్ లేకపోయినా పనిచేస్తుంది.

తలాక్ చట్టం కూడా అంతే. 2019 చట్టం అనగానే అందరూ మూడేళ్ల జైలు సెక్షన్ 4 గురించే మాట్లాడతారు. ఆమెకీ పిల్లలకీ ఖర్చులు ఇవ్వాలనే సెక్షన్ 5, మైనర్ పిల్లల కస్టడీ గురించిన సెక్షన్ 6 మన ఇళ్లలో ఎంతమంది చదివారు?

అయితే ఇండియా కోడ్‌లో పాఠం చూసి అంతా అయిపోయిందనుకోవద్దు. కోర్టు స్టే ఇచ్చిన సంగతి చట్టం పాఠంలో రాదు. 2025 వక్ఫ్ సవరణే తీసుకోండి. వక్ఫ్ చేయాలంటే ఐదేళ్లుగా ఇస్లాం పాటిస్తూ ఉండాలన్న షరతును సుప్రీంకోర్టు సెప్టెంబర్ 15న ఆపింది. పాఠం మాత్రమే చదివినవాళ్లకి ఆ షరతు నడుస్తున్నట్టే కనిపిస్తుంది. రాష్ట్ర సవరణలూ వేరుగా చూసుకోవాలి. భూసేకరణ చట్టానికి ఏపీ 2018లో సొంత సవరణ చేసుకుంది. ఇవన్నీ కలిపి చూడాలంటే లాయర్ కావాల్సిందే. ఖర్చు భయం ఉంటే న్యాయసేవల హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేయొచ్చు. మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సాయం ఉంది.

మామూ అర్జీ ఆరో వారంలో, ఇంకో మూడు రోజులు మిగిలి ఉండగా ఇచ్చాం. ముద్ర వేసిన రసీదు కాపీ ఇప్పుడు నానీ ట్రంకు పెట్టెలో పట్టాదారు పుస్తకం పక్కన ఉంది. విచారణకి ఇంకా పిలుపు రాలేదు.