పుట్టి షికారుకు సంక్రాంతే సమయం

గద్వాల: పట్నం నుంచి సెలవులకు ఊరొచ్చే పిల్లలకు కృష్ణలో పుట్టి షికారంటే మహా సరదా. పడవకు ముందూ వెనుకా ఉంటాయి. వెదురు బద్దలతో అల్లి, పట్టా తొడిగి, తారు పూసిన ఈ గుండ్రటి పుట్టికి ఆ రెండూ లేవు. అందుకే కొత్తవారు తెడ్డు వేస్తే ముందుకు పోదు, ఉన్నచోటే గిరగిర తిరుగుతుంది. ఒడ్డున చూసేవారికి నవ్వే నవ్వు!

కిటుకు చిన్నదే. పోవలసిన దిక్కుకు తిరిగి కూర్చుని, తెడ్డును ఎదుట నీటిలో దించి తన వైపుకు లాగాలి. ఎడమకు కొంత, కుడికి కొంత. మిగిలినవారు బరువు సమంగా పడేలా చుట్టూ అడుగున కూర్చోవాలి. ఒక్కరు లేచి నిలబడినా ఒరుగుతుంది. ఎండ ముదరకముందే, పుట్టి నడిపే బెస్తవారిని వెంట పెట్టుకుని, ఒడ్డు వెంబడి నిలకడ నీటిలో గంటసేపు తిప్పితే చేయి కుదురుతుంది.

దసరా సెలవుల్లో మాత్రం ఈ సరదా వద్దు. కర్ణాటకలో ఆలమట్టి, నారాయణపూర్ నిండి గేట్లు ఎత్తితే, ఇక్కడ చినుకు లేకున్నా జూరాలకు వరద వస్తుంది. 2009లో విజయదశమి వెళ్లిన నాలుగైదు రోజులకే కృష్ణా తుంగభద్రలు పొంగి అలంపూర్, కర్నూలు మునిగాయి. సంక్రాంతి నాటికి ఏరు నిమ్మళిస్తుంది. అప్పుడైనా లైఫ్ జాకెట్ లేనిదే పిల్లలను ఎక్కించరాదు. బెండ్లు, గాలి ట్యూబులు బావిలో ఈత నేర్చుకోవడానికే గాని ఏటికి చాలవు.