డ్రమ్స్ పైన ట్యూబ్ మైకులు: తక్కువ బడ్జెట్‌లో కొనొచ్చా?

ఈ ఎపిసోడ్ ఆళ్లగడ్డ నుంచి వచ్చిన ఒక ప్రశ్న మీద. చర్చి బ్యాండ్‌లో డ్రమ్స్ వాయించే తమ్ముడు ఒకతను మెసేజ్ పెట్టాడు. "అన్నా, ఈసారి క్రిస్మస్ పాటలు మేమే రికార్డ్ చేసుకుందామనుకుంటున్నాం. అందరం కలిసి 40 వేలు పోగు చేసినాం. డ్రమ్స్ పైన పెట్టేదానికి రెండు ట్యూబ్ మైకులు తీసుకుంటే సౌండ్ వార్మ్‌గా వస్తుందంట కదా, తీసుకోమంటావా?" అని.

నంద్యాల నుంచి కూడా ఇలాంటి ప్రశ్నలే ఇంకో రెండు మూడు వచ్చాయి. జవాబు ముందే చెప్పేస్తా. ఆ 40 వేలతో ఓవర్‌హెడ్స్ కోసం జత ట్యూబ్ మైకులు వద్దు. ట్యూబ్ మైకులు చెడ్డవని కాదు. మీరు వెతుకుతున్న ఆ వార్మ్ సౌండ్ తక్కువ ధర ట్యూబ్ మైకులో చాలాసార్లు దొరకదు, అంతే. ఎందుకో ఒక్కొక్కటిగా చూద్దాం.

అసలు ఓవర్‌హెడ్ పని ఏంటి?

డ్రమ్ కిట్ పైన, వాయించేవాడి తల ఎత్తులోనో ఇంకొంచెం పైనో పెట్టే మైకుల్ని ఓవర్‌హెడ్స్ అంటాం. సింబల్స్ కోసమే అని చాలామంది అనుకుంటారు గానీ, అవి కిట్ మొత్తాన్నీ వింటాయి. స్నేర్, టామ్స్, సింబల్స్ అన్నీ కలిసి మన చెవికి ఎలా వినిపిస్తాయో దాదాపు అలాగే పట్టుకుంటాయి. కిట్ మొత్తం కలిపి వింటాయి కాబట్టి, వాటితో పాటు మీ గదిని కూడా వింటాయి. ఈ చివరి మాట గుర్తు పెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

ట్యూబ్ లోపల ఏం చేస్తుంది?

మీ తాతగారింట్లో పాత వాల్వు రేడియో ఉండుంటే, ఆన్ చేసిన తర్వాత కాసేపటికి గానీ మాట వచ్చేది కాదని పెద్దవాళ్లు చెప్పే ఉంటారు. లోపల గాజు బుడ్డి వేడెక్కాలి. అదే వాల్వు, అదే ట్యూబ్. మన బెంగళూరు బీఈఎల్‌లో కూడా ఒకప్పుడు ఈ వాల్వులు తయారయ్యేవి.

కండెన్సర్ మైకులో క్యాప్సూల్ అని ఒక పల్చటి పొర ఉంటుంది. శబ్దం తగిలి అది కదిలితే చాలా బలహీనమైన సిగ్నల్ పుడుతుంది. దాన్ని నేరుగా పొడుగాటి కేబుల్‌లో పంపలేం, దారిలోనే పోతుంది. అందుకే క్యాప్సూల్ పక్కనే ఒక సర్క్యూట్ పెట్టి, సిగ్నల్‌ని కేబుల్‌లో ప్రయాణం చేయగలిగేలా మారుస్తారు. 1949లో వచ్చిన న్యూమన్ యూ 47లో, 1960లో వచ్చిన యూ 67లో ఆ పని ట్యూబ్ చేసేది. తర్వాత అదే పనికి చిన్న ట్రాన్సిస్టర్ వచ్చింది, దాన్నే ఎఫ్‌ఈటీ అంటారు.

ఇంకో సరదా విషయం. మన ఇంటర్‌ఫేస్ మీద 48 వోల్టుల బటన్ ఉంటుంది కదా, దాని కథ 1966లో నార్వే రేడియో దగ్గర మొదలైంది. వాళ్ల స్టూడియోల్లో ఎమర్జెన్సీ లైట్ల కోసం 48 వోల్టుల సప్లై ఉండేది. దాంతోనే నడిచేలా న్యూమన్ కంపెనీ కేఎం 84 మైకు చేసిచ్చింది. అదే ఫ్యాంటమ్ పవర్.

మామూలుగా ట్యూబ్ మైకు ఫ్యాంటమ్ మీద నడవదు. లెక్క చూడండి. 12ఏఎక్స్7 అనే మామూలు ట్యూబ్ వేడెక్కడానికే 6.3 వోల్టుల దగ్గర 300 మిల్లీ ఆంపియర్లు కావాలి. ఫ్యాంటమ్ ఇచ్చేది మహా అయితే 10 మిల్లీ ఆంపియర్లు. అందుకే దాదాపు ప్రతి ట్యూబ్ మైకుతో ఒక పవర్ సప్లై డబ్బా, ఒక స్పెషల్ కేబుల్ వస్తాయి. రెండు మైకులంటే రెండు డబ్బాలు. మీరు కట్టే డబ్బులో కొంత ఈ డబ్బాకే పోతుంది. అంటే అదే ధరకి దొరికే ఎఫ్‌ఈటీ మైకులో క్యాప్సూల్ మీద ఎక్కువ ఖర్చు పెట్టే వీలు కంపెనీకి ఉంటుంది.

మరి ఆ వార్మ్ సౌండ్ ఎక్కడిది?

అసలు విషయం ఇక్కడుంది. పాత యూ 67లో వాడిన క్యాప్సూల్‌కి పై ఫ్రీక్వెన్సీలు కాస్త ఎక్కువగా పట్టుకునే గుణం ఉంది. న్యూమన్ ఇంజినీర్లకి అది తెలుసు. అందుకే సర్క్యూట్‌లోనే ఆ ఎక్కువని మళ్లీ తగ్గించారు. రెండూ కలిస్తే సాఫీగా వినిపిస్తుంది.

తక్కువ ధర మైకుల్లో చాలావాటిలో ఆ డిజైన్‌ని పోలిన క్యాప్సూల్ పెడతారు గానీ, ఆ తగ్గించే సర్క్యూట్ పెట్టరు. ట్యూబ్ ఉంటుంది, లోపల లైటు వెలుగుతుంది, బయట మెరిసే బాడీ ఉంటుంది. కానీ పై ఫ్రీక్వెన్సీలు గీరుకుపోయినట్టు వస్తాయి. పాటకి అది ఒక్కోసారి బాగానే అనిపిస్తుంది, గొంతు స్పష్టంగా ఉందంటాం. సింబల్ మీద పెడితే మాత్రం సలసల కాగే నూనెలో నీళ్లు పడ్డట్టు ఉంటుంది. దాన్ని మిక్సింగ్‌లో తగ్గించబోతే స్నేర్‌లో ప్రాణం పోతుంది, ఎందుకంటే రెండూ ఒకే ట్రాక్‌లో ఉన్నాయి.

కాబట్టి బాక్స్ మీద "ట్యూబ్" అని రాసి ఉందా అని కాదు, పై ఫ్రీక్వెన్సీ ఎలా ఉంది అని అడగండి. ఒక విషయంలో మాత్రం ట్యూబ్ మైకులకి న్యాయం చేయాలి. వాటిలో సొంత హిస్ శబ్దం ఎక్కువ అని కొందరు భయపెడతారు. డ్రమ్స్ మోతలో ఆ హిస్ వినిపించదు. ఓవర్‌హెడ్స్‌కి అది పెద్ద సమస్య కాదు.

మన గదుల సంగతి

ఇప్పుడు గది దగ్గరికి వద్దాం. నంద్యాల, ఆళ్లగడ్డ వైపు చాలా ఇళ్లలో కింద బేతంచెర్ల నాపబండలు, పైన సిమెంటు స్లాబు, చుట్టూ గట్టి గోడలు. ఎండాకాలం కాళ్లకి చల్లగా బాగుంటుంది. డ్రమ్స్‌కి మాత్రం అది రాతి డబ్బా. శబ్దం అన్ని వైపులా తగిలి తిరిగి మైకులోకే వస్తుంది.

ఉదాహరణకి స్లాబు 10 అడుగుల ఎత్తులో ఉంది, సింబల్ 4 అడుగుల దగ్గర ఉంది అనుకోండి. మైకుని 9 అడుగుల ఎత్తులో పెడితే నేరుగా వచ్చే శబ్దం 5 అడుగులు నడుస్తుంది, స్లాబుకి తగిలి వచ్చేది 7 అడుగులు. రెండూ దాదాపు సమానమైన బలంతో వచ్చి కొట్టుకుంటాయి. అదే మైకుని 7 అడుగులకి దించితే నేరుగా వచ్చేది 3 అడుగులు, తగిలి వచ్చేది 9 అడుగులు. ఇప్పుడు ప్రతిధ్వని సుమారు 9 డీబీ తక్కువగా వస్తుంది. ఒక్క రూపాయి ఖర్చు లేకుండా సౌండ్ ఎంతో శుభ్రపడుతుంది.

దీనికి తోడు కిట్ కింద మందపాటి జంఖానా వేయండి. పత్తి పండే ఊళ్లు మనవి, ఇంట్లో దూది పరుపులు ఉంటాయి. ఒకటి రెండు గోడకి ఆనించండి. వీలైతే ఒకదాన్ని డ్రమ్స్ పైన స్లాబుకి గట్టి కొక్కేలతో, తాళ్లతో కట్టండి, మనుషుల మీద పడకుండా చూసుకోండి. 40 వేల మైకు చేయలేని పని ఈ పరుపు చేస్తుంది.

దారంతో కొలవండి

రెండు మైకులూ స్నేర్ మధ్య నుంచి సమాన దూరంలో ఉండాలి. స్నేర్ మీద ఒక దారం కొస పట్టుకుని మొదటి మైకు దాకా లాగండి, అదే పొడవుతో రెండోది కొలవండి. ఎందుకంటే శబ్దం ఒక మిల్లీ సెకనులో సుమారు 34 సెంటీమీటర్లు వెళ్తుంది. మీ రెండు మైకుల దూరంలో 17 సెంటీమీటర్ల తేడా ఉంటే అర మిల్లీ సెకను తేడా. రెండూ మోనోలో కలిస్తే 1000 హెర్ట్జ్ దగ్గర స్నేర్ బాగా తగ్గిపోతుంది. మీ పాట వినేవాళ్లలో చాలామంది ఫోన్ స్పీకర్‌లోనే కదా వినేది. అక్కడ స్నేర్ సన్నగా, డొల్లగా వస్తే అది మైకు తప్పు కాదు, దారం వాడకపోవడం.

అయినా ట్యూబే కావాలంటే

కొనే ముందు ఈ ఐదూ చూడండి.

ఒకటి, ఆన్ చేసి 20 నిమిషాలు ఆగి గానీ టెస్ట్ చేయొద్దు.

రెండు, మైకు ముందు తాళంచెవుల గుత్తి ఊపి రికార్డ్ చేసి, మంచి హెడ్‌ఫోన్స్‌లో వినండి. చెవి గుచ్చుకుంటే సింబల్స్ కూడా అలాగే ఉంటాయి.

మూడు, మైకు బాడీ మీద వేలితో మెల్లగా తట్టండి. గంటలా "ఖంగ్" అని సాగితే లోపలి ట్యూబ్ కదలికని పట్టుకుంటోందని అర్థం. డ్రమ్స్ దగ్గర అది ఇబ్బంది.

నాలుగు, రెండు మైకుల్నీ పక్కపక్కన ఆనించి ఒకే మాట రికార్డ్ చేసి, ఒకదాని ఫేజ్ తిప్పి కలపండి. ఎంత ఎక్కువ మాయమైతే అంత బాగా జత కుదిరినట్టు.

ఐదు, పవర్ సప్లై వెనక వోల్టేజ్ స్విచ్ ఉంటే 230 దగ్గర ఉందో లేదో ప్లగ్ పెట్టకముందే చూడండి. మూడో పిన్‌కి ఎర్త్ సరిగా ఉండాలి, లేకపోతే గుయ్‌మని హమ్ వస్తుంది. ఆన్‌లో ఉండగా ఆ స్పెషల్ కేబుల్ పీకొద్దు, పవర్ డబ్బా విప్పనే విప్పొద్దు. లోపల వంద వోల్టులు దాటి ఉండొచ్చు. ఇంకోటి, మధ్యలో కరెంటు పోతే ట్యూబ్ చల్లారుతుంది, మళ్లీ మొదటి నుంచి వేడెక్కాలి.

ఆ 40 వేలు ఎట్లా ఖర్చు పెట్టాలి?

తమ్ముడూ, నేనైతే ఇలా చేస్తా. మొదట సన్నగా పెన్సిల్‌లా ఉండే చిన్న డయాఫ్రమ్ కండెన్సర్లు, మ్యాచ్డ్ పెయిర్ ఒకటి. ఇవి ఫ్యాంటమ్ మీదే నడుస్తాయి, పక్క నుంచి వచ్చే శబ్దాన్ని కూడా పెద్ద మైకుల కంటే సహజంగా పట్టుకుంటాయి, బరువు తక్కువ. తర్వాత కిక్ కోసం ఒక డైనమిక్ మైకు. తర్వాత బరువైన స్టాండ్లు రెండు, కాళ్ల మీద ఇసుక మూటలు. పిల్లలు తిరిగే చర్చి హాల్లో స్టాండ్ పడితే నష్టం మైకుతో ఆగదు. మీ ఇంటర్‌ఫేస్‌కి రెండు ఇన్‌పుట్‌లే ఉంటే, నాలుగు ఇన్‌పుట్‌లది తీసుకోవడం ట్యూబ్ కంటే ముందు చేయాల్సిన ఖర్చు.

ఇవన్నీ అయ్యాక ఎప్పుడైనా డబ్బు కుదిరితే, అప్పుడు ఒకే ఒక్క మంచి ట్యూబ్ మైకు కొనండి, పాడేవాళ్ల కోసం. అక్కడ దాని రంగు బాగా తెలుస్తుంది. అవసరమైతే అదే మైకుని కిట్ ముందు నాలుగైదు అడుగుల దూరంలో పెట్టి మూడో ట్రాక్‌గా వాడుకోవచ్చు. కొనే ముందు ఒకరోజు అద్దెకి దొరుకుతుందేమో అడగండి.

అందరి దగ్గరా వంద, రెండొందలు అడిగి పోగుచేసిన డబ్బు అది. రికార్డింగ్ అయ్యాక "మన డబ్బులు ఏమైనాయి?" అని ఎవరైనా అడిగితే పాట వినిపించి జవాబు చెప్పగలగాలి, మెరిసే డబ్బా చూపించి కాదు.

ముందు ఈ ఆదివారం ఒక పని చేయండి. ఉన్న మైకులతోనే, ఫోన్‌తో అయినా సరే, పరుపులు లేకుండా ఒకసారి, పెట్టి ఒకసారి రికార్డ్ చేసి రెండూ పోల్చి వినండి. తేడా ఏం వినిపించిందో కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కిక్ డ్రమ్ మైకు ఎక్కడ పెట్టాలో చూద్దాం. అంతవరకు సెలవు, ఉంటా ఫ్రెండ్స్.