గోడ నెమ్ము ఛాతీకి ఎక్కితే... బూజు వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బులు

మన భాషలో ‘నెమ్ము’ అనే మాటను రెండు చోట్ల వాడతాం. గోడ చెమ్మగిల్లినా నెమ్మే, ఛాతీలో కఫం పేరుకున్నా నెమ్మే. పెద్దలు ఒకే మాటతో రెండింటినీ పిలవడంలో అర్థం ఉంది. మాన్కోలి, భివండి ప్రాంతంలో జూన్ నుంచి సెప్టెంబరు దాకా వాన. పక్కనే ఉల్హాస్ ఖాడీ. గాలి ఆడని గదులు, రేకుల కప్పు కింద సాంచాలు, పేర్చిపెట్టిన బట్ట తాన్లు. గోడ మూలల్లో నల్లగా, ఆకుపచ్చగా బూజు పట్టడం ఇక్కడ మామూలు. ఈ బూజు సాలెగూడు కాదు. పాత రొట్టె మీద, ఊరగాయ మీద పట్టే ఫంగస్ అన్నమాట.

బూజు ఎలా పెరుగుతుంది?

ఫంగస్‌కు కావలసినవి రెండే: తడి, తిండి. గోడకు వేసిన సున్నం మీది మురికి, చెక్క, అట్టపెట్టెలు, బట్ట, అన్నీ దానికి తిండే. సైజింగులో పడుగు నూలుకు పట్టించే గంజి పిండి పదార్థం కాబట్టి తడి తగిలితే దానికీ బూజు త్వరగా పడుతుంది. బూజు ఎండి కదిలినప్పుడు కంటికి కనబడని విత్తనాలను గాలిలోకి వదులుతుంది. వీటిని స్పోర్లు అంటారు. మనిషిలో ఎక్కువగా జబ్బు తెచ్చే ఆస్పర్‌జిల్లస్ ఫ్యూమిగేటస్ అనే ఫంగస్ స్పోరు 2 నుంచి 3 మైక్రాన్లు మాత్రమే ఉంటుంది. 1 మిల్లీమీటరులో 1000 మైక్రాన్లు. అంత చిన్నది కనుకనే ముక్కు వెంట్రుకలను, గొంతులోని జిగురును దాటి ఊపిరితిత్తుల చివరి గాలి గదుల దాకా వెళ్లగలదు. పైగా శరీరపు వేడి, 37 డిగ్రీలు, దానికి చక్కగా సరిపోతుంది.

అందరికీ జబ్బు ఎందుకు రాదు?

ఈ స్పోర్లను మనమంతా రోజూ పీలుస్తూనే ఉన్నాం. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో శ్వాసనాళాలు వాటిని కఫంతో పాటు పైకి నెట్టేస్తాయి. లోపలికి చేరినవాటిని రక్షక కణాలు మింగేస్తాయి. ఈ కాపలా తప్పినచోటే ఫంగస్ మొలకెత్తి దారాల్లా అల్లుకుంటుంది. అది ముఖ్యంగా మూడు దారుల్లో జరుగుతుంది.

1. ఆస్తమా ఉన్నవారిలో: ఫంగస్ కండలోకి చొరబడదు, కఫంలోనే ఉంటుంది. కానీ శరీరం దానిపై అతిగా తిరగబడుతుంది. ఆయాసం మందులకు లొంగదు. గోధుమరంగు ముద్దల్లాంటి కఫం పడుతుంది. చాలాకాలం వదిలేస్తే శ్వాసనాళాలు శాశ్వతంగా వెడల్పవుతాయి.

2. పాత టి.బి. మచ్చ ఉన్నవారిలో: టి.బి. తగ్గినా కొందరి ఊపిరితిత్తుల్లో గుంత మిగిలిపోతుంది. అందులో గాలి, రక్తం సరిగా తిరగవు. స్పోరు అక్కడ స్థిరపడి నెలలు, ఏళ్ల తరబడి పెరిగి బంతిలా ఉండకడుతుంది. దగ్గు, బరువు తగ్గడం, నీరసం, కఫంలో రక్తం దీని గుర్తులు.

3. రోగనిరోధక శక్తి తగ్గినవారిలో: క్యాన్సర్ మందులు వాడేవారు, అవయవ మార్పిడి జరిగినవారు, చాలాకాలంగా స్టెరాయిడ్లు మింగేవారు. వీరిలో ఫంగస్ కండలోకి, రక్తనాళాల్లోకి చొచ్చుకుపోయి కొద్దిరోజుల్లోనే ప్రాణం మీదికి తెస్తుంది. అదుపులో లేని షుగర్ ఉన్నవారికి మ్యూకర్ అనే మరో రకం ఫంగస్‌తో ఇలాంటి ముప్పే ఉంది. 2021లో కోవిడ్ రెండో విడతలో ‘బ్లాక్ ఫంగస్’ పేరుతో దేశమంతా దీన్ని చూసింది. ఆ ఏడాది మే నెలలో తెలంగాణ ప్రభుత్వం దాన్ని తప్పనిసరిగా తెలియజేయాల్సిన వ్యాధిగా ప్రకటించింది. అది ఎక్కువగా ముక్కు, కన్ను దగ్గర మొదలైనా కొందరిలో ఊపిరితిత్తులకూ పట్టింది.

ప్రతి దగ్గూ టి.బి. కాదు

సాంచాల మధ్య పనిచేసేవారిలో దగ్గు మూడు కారణాల వల్ల రావచ్చు: నూలు దుమ్ము, టి.బి., ఫంగస్. నూలు దుమ్ముతో వచ్చే జబ్బులో వారపు సెలవు తర్వాత పనిలోకి వెళ్లిన మొదటిరోజున ఛాతీ బాగా పట్టేసినట్టుంటుంది. టి.బి.కీ, పాత గుంతలో పెరిగే ఫంగస్‌కీ మాత్రం లక్షణాలు ఇంచుమించు ఒకటే. ఎక్స్‌రేలోనూ పోలిక ఉంటుంది. అందుకే ఒకసారి టి.బి. తగ్గిన మనిషికి మళ్లీ దగ్గు మొదలైతే, కఫంలో టి.బి. క్రిమి కనబడకపోయినా మళ్లీ టి.బి. మందులే మొదలుపెట్టే ప్రమాదం ఉంది. టి.బి. మందులు ఫంగస్‌పై పనిచేయవు. నెలలు గడుస్తాయి, జబ్బు పెరుగుతుంది.

కాబట్టి 2 వారాలు దాటిన దగ్గుకు ముందు ప్రభుత్వాసుపత్రిలో కఫం పరీక్ష చేయించుకోండి. అది ఉచితం. టి.బి. లేదని తేలినా దగ్గు తగ్గకపోతే “ఇది ఫంగస్ కావచ్చా?” అని ఛాతీ వైద్యుణ్ణి అడగండి. సి.టి. స్కాన్, ఆస్పర్‌జిల్లస్ రక్తపరీక్ష, కఫం కల్చర్‌తో తేలుతుంది. ఫంగస్ మందులు నెలల తరబడి వాడాల్సి వస్తుంది. మధ్యలో మానకూడదు. ఇంకో మాట: ఆస్పర్‌జిల్లస్ జబ్బు ఒకరి నుంచి ఒకరికి అంటదు. రోగికి గిన్నెలు వేరుపెట్టి మనసు కష్టపెట్టవద్దు.

యునానీ ఏమంటుంది?

ఆరోగ్యానికి తప్పనిసరి అయిన ఆరు అంశాలను యునానీలో ‘అస్బాబె సిత్తా జరూరియా’ అంటారు. వాటిలో మొదటిది గాలి. తిండి, నీరు దాని తర్వాతే. చల్లదనం, తడి ఎక్కువైతే బల్గమ్, అంటే కఫం, పెరుగుతుందని హకీములు చెబుతారు. ఉన్నాబ్, సపిస్తాన్, అతిమధురం వంటివి వేసి కాచే జోషాందా మామూలు జలుబులో గొంతుకు హాయినిస్తుంది. అయితే ఊపిరితిత్తుల్లో పాతుకుపోయిన ఫంగస్‌ను జోషాందా పెకలించలేదు. దాన్ని నమ్ముకుని పరీక్షలు వాయిదా వేయకండి.

షుగర్ ఉన్నవారు మరింత జాగ్రత్తపడాలి. లవూఖ్, ఖమీరా, షర్బత్, మాజూన్ ఇవన్నీ చక్కెర లేదా తేనె పాకంతో చేసేవి. షుగర్ పెరిగితే ఫంగస్‌కే మేలు. బి.పి. ఉన్నవారు అతిమధురం ఎక్కువగా వాడకూడదు. గదిలో సాంబ్రాణి పొగ వేస్తే వాసన పోతుందేమో గానీ గోడలోని బూజు పోదు. ఆస్తమా ఉన్నవారికి ఆ పొగ హాని కూడా. అలాగే ఆయాసం వెంటనే తగ్గుతుందని చీటీ లేకుండా దుకాణంలో స్టెరాయిడ్ మాత్రలు కొని మింగడం ఫంగస్‌కు తలుపు తెరవడమే.

ఇంట్లో, కార్ఖానాలో

- కప్పు కారుతుంటే, పైపు చెమ్మ ఉంటే ముందు అది బాగుచేయాలి. బూజు మీద సున్నమో రంగో వేస్తే నాలుగు రోజుల్లో మళ్లీ వస్తుంది.
- తడిసిన పరుపు, బట్ట, అట్టపెట్టెలను 24 నుంచి 48 గంటల్లో ఆరబెట్టండి. బూజు పట్టిన పరుపును వాడకండి.
- బూజును పొడిగా దులపకూడదు, చీపురుతో ఊడ్వకూడదు. మాస్కు కట్టుకుని సబ్బునీళ్లలో తడిపిన గుడ్డతో తుడవండి.
- బ్లీచింగ్‌ను యాసిడ్‌తో ఎప్పుడూ కలపవద్దు. విషవాయువు వస్తుంది.
- తడిబట్టలు పడుకునే గదిలో ఆరేయకండి. వాన తెరిపిచ్చినప్పుడు తలుపు, కిటికీ తెరవండి.
- ఆస్తమా, పాత టి.బి., అదుపులో లేని షుగర్ ఉన్నవారితో బూజు దులిపే పని చేయించకండి.

కఫంలో రక్తం పడినా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, షుగర్ ఉన్నవారికి జ్వరంతో పాటు ముఖం ఒకవైపు నొప్పి, వాపు వచ్చినా ఒక్కరోజు కూడా ఆగకుండా పెద్దాసుపత్రికి వెళ్లండి. వెళ్లేటప్పుడు పాత టి.బి. కాగితాలు, పాత ఎక్స్‌రేలు వెంట తీసుకెళ్లండి. పాత ఎక్స్‌రేను కొత్తదాని పక్కన పెట్టి చూస్తేనే ఆ గుంతలో ఏం పెరిగిందో డాక్టరుకు తెలుస్తుంది.