'కెరీర్ ఆపర్చునిటీస్'... ఇది నోటిఫికేషన్ కాదు!

పేరు చూసి అప్లికేషన్ లింక్ వెతక్కండి ఫ్రెండ్స్, ఇదో పాట. లండన్ పంక్ బ్యాండ్ 'ది క్లాష్' 1977 ఏప్రిల్‌లో తెచ్చిన తొలి ఆల్బమ్‌లోది. నిడివి రెండు నిమిషాలు కూడా ఉండదు. ఆల్బమ్ పేరు కూడా బ్యాండ్ పేరే.

అప్పటికి బ్రిటన్‌లో నిరుద్యోగులు 10 లక్షలు దాటేశారు. 1976లో ప్రభుత్వమే ఐఎంఎఫ్ దగ్గర అప్పుకి వెళ్లాల్సి వచ్చింది. పెద్ద రాక్ బ్యాండ్లేమో ఇరవై నిమిషాల పాటలతో ఊహాలోకాల్లో ఉన్నాయి. క్లాష్ మేనేజర్ బెర్నీ రోడ్స్ మాత్రం ప్రేమ పాటలు పక్కన పెట్టి, మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్నవాటి గురించి రాయండన్నాడు. రాయడానికి వాళ్ల దగ్గర సరుకు బోలెడుంది. గిటారిస్టు మిక్ జోన్స్ ఒక ప్రభుత్వ సంక్షేమ కార్యాలయంలో పనిచేశాడు. ఐఆర్ఏ వాళ్లు కవర్లలో బాంబులు పెట్టి పోస్టు చేస్తున్న రోజులవి. మరి వచ్చిన ఉత్తరాలు విప్పే డ్యూటీ ఎవరికి పడింది? ఇంకెవరికి, అందరికన్నా జూనియర్‌కి! ఆ డ్యూటీయే పాటలోకి ఎక్కింది. కుర్రాళ్లకు చూపించే ఉద్యోగాలను ఒక్కొక్కటిగా చెప్పి, నాకొద్దు పొమ్మంటుందీ పాట. ఏ పనైనా సరే మహాప్రసాదం అనుకోవాలనే మాట మీద ఇంత సూటి తిరుగుబాటు నేనింకెక్కడా వినలేదు.

సీబీఎస్ కంపెనీ లక్ష పౌండ్లకు ఒప్పందం చేసుకున్నా, రికార్డింగ్‌కి అయింది సుమారు 4,000 పౌండ్లే. మూడు వారాంతాల్లో పని అయిపోయింది. బేస్ వాయించిన పాల్ సిమనన్ అప్పటికింకా నేర్చుకుంటున్నాడు. గిటార్ మీద స్వరాల పేర్లు రాసుకుని మరీ వాయించేవాడు. వింటే ఆ గరుకుదనం తెలుస్తుంది. మన భాషలో చెప్పాలంటే బీటా వెర్షనే రిలీజ్ చేసేశారు. అయితే ఆరు నిమిషాల 'పోలీస్ అండ్ థీవ్స్' దగ్గర ఆగి వినండి. జమైకా రెగే పాటను తెల్ల పంక్ కుర్రాళ్లు తమ పద్ధతిలో పాడారు. పంక్, రెగే కలిసి నడవడానికి దారి వేసిన పాటల్లో ఇదొకటి.

అమెరికాలోని సీబీఎస్ ఈ ఆల్బమ్ రేడియోకి పనికిరాదని పక్కన పడేసింది. జనం మాత్రం దిగుమతి కాపీలే లక్షకు పైగా కొన్నారు. చివరికి 1979లో కంపెనీ దిగొచ్చింది, అదీ కొన్ని పాటలు మార్చి!

విమర్శా ఉంది. గాయకుడు జో స్ట్రమ్మర్ దౌత్యవేత్త కొడుకు, బోర్డింగ్ స్కూల్లో చదివాడు. తండ్రి పుట్టింది లక్నోలో. ఇలాంటివాడికి నిరుద్యోగం గురించి ఏం తెలుసన్నారు. కానీ అతను శ్మశానంలో కూలిపని, మరుగుదొడ్లు కడిగే పని చేసినవాడే. నాకైతే ఆ కోపం నకిలీగా అనిపించదు.

డ్రమ్మర్ టెర్రీ చైమ్స్ రికార్డింగ్ అవగానే తప్పుకున్నాడు. కవర్ మీద అతని పేరును వెటకారంగా 'టోరీ క్రైమ్స్' అని వేశారు, అంటే కన్జర్వేటివ్ పార్టీ నేరాలు అని. మధ్యలో 1982లో ఒకసారి బ్యాండ్‌లోకి తిరిగొచ్చినా, తర్వాత అతను స్థిరపడింది వెన్నునొప్పులకు చికిత్స చేసే కైరోప్రాక్టర్‌గా.